ఉప్పుగంగ ఒడ్డున ఓ మండువా

సముద్రం పక్కన నాలుగు రోజులు గడపాలంటే మనకో లెక్కుంది. గదిలోంచి నీళ్ళు కనిపించాలి. అందుకని ఓ గోడ మొత్తం అద్దం పెట్టాలి. అద్దం ఉంది కాబట్టి ఏసీ ఉండాలి. ఏసీ ఉంది కాబట్టి అద్దం తెరవకూడదు! చివరికి వేలు పోసి వెళ్ళి, సముద్రాన్ని టీవీలో చూసినట్టు చూసి వచ్చేస్తాం. గాలి తగలదు. హోరు వినిపించదు. రుషికొండయినా గోవా అయినా ఇదే వరస.

శ్రీలంక నైరుతి తీరంలో బెంటోట అనే ఊరుంది. బంగారు రంగు ఇసుకకి పేరుపడ్డ బీచ్ అది. ఆ ఊరికి కాస్త లోపలగా, ఈ లెక్కంతా తిరగేసి కట్టిన ఇల్లొకటి ఉంది. పేరు లునుగంగ. అక్కణ్నుంచి సముద్రం అసలు కనిపించదు. కనిపించేది ఓ చెరువు. ఆ ఇంట్లో చాలాచోట్ల గోడ ఎక్కడ అయిపోయిందో తోట ఎక్కడ మొదలైందో తెలీదు. తోటలో అక్కడక్కడా గంటలు వేలాడుతుంటాయి. మధ్యలో ఒక రోడ్డే మాయమైపోతుంది. కొండ నెత్తిన ఒంటరిగా ఓ జాడీ కూర్చుని ఉంటుంది. ఇవన్నీ చాలవన్నట్టు, కొలంబోలో ఉన్న ఇంటినొకదాన్ని పెంకు పెంకూ ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు డబ్బు కట్టి అందులో మనమూ పడుకోవచ్చు.

చూడ్డానికి వెళ్తే వింతే. ఉండటానికి వెళ్తే మాత్రం ‘దీన్ని ఎక్కడో చూశామే’ అనిపిస్తుంది. గోదావరి జిల్లాలవాళ్ళకైతే మరీను.

ఇంటి కోసం ఆర్కిటెక్టయ్యాడు

ఈ ఇంటి యజమాని జెఫ్రీ బావా. 1919లో పుట్టాడు. లాయర్ల కుటుంబం. కేంబ్రిడ్జిలో చదివి తనూ నల్లకోటు వేసుకున్నాడుగానీ ఆ పని మీద మనసు నిలవలేదు. ఊళ్ళు పట్టుకుని తిరిగాడు. ఇటలీలో ఓ సరస్సు పక్కన ఇల్లు కొనుక్కుని అక్కడే ఉండిపోదామనుకున్నాడు. బేరం కుదరలేదు. కుదరకపోవడమే మంచిదైంది. స్వదేశానికి తిరిగొచ్చి, 1948లో దెద్దువ చెరువు ఒడ్డున ఓ పాత రబ్బరు తోటనీ, అందులో ఉన్న మామూలు బంగళానీ కొన్నాడు. డచ్చివాళ్ళ కాలంలో అక్కడ దాల్చినచెక్క పండేదట.

కొన్నాక ఇటలీలో చూసిందంతా ఇక్కడ చేసేయాలని దిగాడు. ఆలోచనలైతే బోలెడున్నాయి, వాటిని నిలబెట్టే విద్యే లేదు. దాంతో లండన్ వెళ్ళి ఆర్కిటెక్చర్ చదివాడు. 1957లో పట్టా చేతికొచ్చేసరికి ఆయన వయసు 38 ఏళ్ళు! మనవైపు ఆ వయసుకి పిల్లల స్కూలు ఫీజుల గురించి తప్ప ఇంకో ఆలోచన ఉండదు. అలా తన తోట కోసం చదువుకున్న మనిషి తర్వాత ఆ దేశపు పార్లమెంటు భవనాన్ని కట్టాడు. 1982లో ప్రారంభమైంది అది. అడవిలో కొండని అంటిపెట్టుకుని ఉండే కందలామ హోటలూ, మన పొరుగునే చెన్నైలో కన్నెమరా హోటల్ పునరుద్ధరణా కూడా ఆయన ఖాతాలోవే. 2001లో ఆగాఖాన్ అవార్డు వాళ్ళు జీవితకాల కృషికి ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. ‘ఉష్ణమండల ఆధునిక శైలి’ అని ఇవాళ ప్రపంచంలో ఏ రిసార్టు గురించి చెప్పుకున్నా మూలాలు వెతుక్కుంటూ వెళ్తే ఈయన దగ్గర తేలుతాం.

ఆయన అన్న బెవిస్ మరో రకం. ఆరున్నర అడుగుల మనిషి. బ్రిటిష్ గవర్నర్ల దగ్గర ఏడీసీగా చేశాడు. బెంటోటకి దగ్గర్లోనే ఓ తోట వేశాడు. దాని పేరు ‘బ్రీఫ్’. తండ్రి ఓ కోర్టు కేసులో వచ్చిన ఫీజుతో ఆ భూమి కొన్నాడు కాబట్టి ఆ పేరు. అన్నదమ్ములిద్దరూ పోటాపోటీగా తోటలు పెంచారు. ఎవరిది బాగుందంటే ఇప్పటికీ అక్కడివాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు. నా ఓటు తమ్ముడికే.

కొలంబోలో స్తంభాలు

లునుగంగకి వెళ్ళేముందు కొలంబోలో ఓ పూట ఆగి, 33వ లేన్లో బావా ఇల్లు చూడాలి. ‘నంబర్ 11’ అంటారు. ఓ సందులో వరసగా నాలుగు చిన్న ఇళ్ళుండేవి. అందులో ఒకదాంట్లో అద్దెకి దిగాడు. తర్వాత ఒక్కొక్కటే కొంటూపోయి నాలుగింటినీ కలిపేశాడు. బయటినుంచి ఓ తెల్లగోడ, గరాజులో పాత రోల్స్‌రాయిస్ కారు. లోపలికెళ్తే పొడవాటి తెల్లటి నడవ, మలుపు తిరిగిన ప్రతిచోటా పైకప్పు లేని ఓ చిన్న జాగా. అక్కడ ఒక చెట్టో, నీళ్ళ తొట్టో. ఆ వెలుగు కోసమే అంత ఖాళీ వదిలాడు.

ఓ జాగాలో చెక్క స్తంభాలు కనిపించాయి. నున్నగా, నల్లగా, కింద రాతి పీట, పైన చెక్కుడు పని. నాతో వచ్చిన మా ఫొటోగ్రాఫర్ కెమెరా దించేసి వాటి మీద చెయ్యి వేశాడు. ‘ఇవి ఎక్కడివి?’ అనడిగాడు. ‘దక్షిణ భారతదేశం నుంచి తెప్పించారు. చెట్టినాడువి’ అని చెప్పాడు ఇల్లు చూపించే కుర్రాడు. అక్కడి చెట్టియార్ల పాత ఇళ్ళ తాలూకు తలుపులూ స్తంభాలూ పడవెక్కి ఇక్కడికొచ్చాయన్నమాట. ‘మావి ఎక్కడికెళ్ళాయో!’ అన్నాడు మా వాడు. అతనిది రాజోలు వైపు. ఆ మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

కొలంబో ఫోర్ట్ స్టేషన్లో దక్షిణంగా వెళ్ళే రైలెక్కితే కుడివైపు కూర్చోవాలి. సముద్రం అటే. కొన్నిచోట్ల పట్టాలకీ అలలకీ మధ్య నాలుగు బండరాళ్ళు తప్ప ఏమీ ఉండవు. తుంపర కిటికీలోంచి మొహం మీద పడుతుంది. కలుతర దగ్గర నది దాటగానే తెల్లటి స్తూపం కనిపిస్తుంది. స్తూపాల్లోకి మామూలుగా మనుషులు వెళ్ళరు, ఇది మాత్రం లోపల బోలుగా ఉంటుంది, వెళ్ళొచ్చు. ఆ వంతెన మీద వెళ్ళే బస్సుల్లోవాళ్ళు దండం పెట్టుకుంటుంటే రాజమండ్రిలో గోదావరి రాగానే చిల్లర వెతుక్కునే మన ప్రయాణికులు గుర్తొస్తారు. ఆలుత్‌గమలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. ఆటో అని కాదు, త్రీవీలర్ అనాలి.

అన్నట్టు, సింహళంలో సగం మాటలు మనకి చుట్టాలే. నది ఏదైనా ‘గంగ’. ‘లును’ అంటే ఉప్పు, మన లవణమే అది. లునుగంగ అంటే ఉప్పుగంగ. ఎదురొచ్చినవాళ్ళు ‘ఆయుబోవన్’ అంటారు, ఆయుష్మంతులు కమ్మని. థాంక్స్ చెప్పాలంటే ‘ఇస్తుతి’. స్తుతే మరి!

గంట కొడితే టీ

లునుగంగలో మొదట ఏమీ అర్థం కాదు. గేటు దాటితే భవంతి కనిపిస్తుందని ఎదురుచూస్తాం. కనిపించదు. మలుపులు తిరిగిన దారి, కొన్ని మెట్లు, ఓ చిన్న వాకిలి. ‘ఇంతేనా’ అనుకుంటూ రెండడుగులు వేస్తే హఠాత్తుగా చెరువంతా కాళ్ళ ముందుంటుంది. అందాన్ని ఒకేసారి బయటపెట్టకపోవడం ఆ ఇంటి పద్ధతి. గదులు కూడా ఒకచోట ఉండవు. తోటంతా చెదిరిన చిన్న చిన్న ఇళ్ళు. ఒకటి గేటు దగ్గర, ఒకటి కొండవైపు, ఒకటి ఒకప్పుడు బొమ్మలు పెట్టుకున్న చోట. నలుపూ తెలుపూ గళ్ళ నేలలు, తెల్లటి సున్నం గోడలు, ఎక్కడెక్కడినుంచో ఏరుకొచ్చిన కుర్చీలూ విగ్రహాలూ.

తోట చూపించిన అబ్బాయి స్థానికుడే. పాతికేళ్ళుంటాయి. ఓ చెట్టు కింద రాతిబల్ల దగ్గర ఆగి, వేలాడుతున్న గంటని మోగించాడు. ‘ఈ శబ్దానికీ ఆ కిందనున్న గంట శబ్దానికీ తేడా ఉంది, వినండి’ అన్నాడు. పొద్దుట ఎండ ఎక్కడ బాగుంటే అక్కడ ఫలహారం, మధ్యాహ్నం ఇంకో చోట భోజనం, సాయంత్రం మరో చోట టీ... బావాకి ఒక్కో పూటకి ఒక్కో బల్ల. ఏదైనా కావాలంటే దగ్గరున్న గంట కొట్టేవాడు. ఒక్కో గంటదీ ఒక్కో గొంతు. మోత వినగానే అయ్యగారు ఎక్కడ కూర్చున్నారో వంటింట్లో తెలిసిపోయేది.

వినడానికి ముచ్చటగా ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది, ఓ నిమిషం పాటు. తర్వాత వంటింటి వైపు నుంచి ఆలోచించాను. గంట వినిపించగానే ట్రే పట్టుకుని ఆ మెట్లన్నీ దిగి, ఎక్కి వచ్చేది ఎవరు? ‘ప్రకృతి సహజంగా’ కనిపించే ఈ తోటలో సహజంగా ఉన్నది చాలా తక్కువ. ఇంట్లో కూర్చుంటే చెరువు అవతలి కట్టకుళియ గుడి స్తూపం కనిపించాలని ఎదురుగా ఉన్న కొండ నెత్తినే తగ్గించారు. దేవగన్నేరు చెట్టు కొమ్మలు పైకి కాకుండా పక్కలకి చాచుకోవాలని వాటికి బరువులు వేలాడదీశారు. ఇంటికీ కొండకీ మధ్య ఉన్న రోడ్డుని చూపుకి అడ్డం రాకుండా పల్లంలోకి దించేసి, పైన వంతెన వేశారు. మనం పచ్చికలో నడిచి వెళ్తున్నామనే అనుకుంటాం. కింద నుంచి సైకిల్ బెల్లు వినిపించినప్పుడు ఉలిక్కిపడతాం! ఇదంతా యాభై ఏళ్ళపాటు ఎవరో తవ్వితే, మోస్తే, కత్తిరిస్తే వచ్చిన సహజత్వం. జమీందారీ ఠీవి అది. ఆ అబ్బాయి మాత్రం దాన్ని తప్పుపట్టలేదు. ‘ఇప్పుడు మా ఊరివాళ్ళకి ఉద్యోగాలు ఈ తోట వల్లే’ అన్నాడు.

ఆ కొండని ‘దాల్చినకొండ’ అంటారు. పైన ఓ పెద్ద చెట్టు, చెట్టు కింద జాడీ. ఇంటి వసారాలోంచి చూస్తే జాడీ, చెరువు, దూరంగా తెల్లటి స్తూపం ఒకే గీతలోకి వస్తాయి. 1998లో పక్షవాతం వచ్చి మాట పోయాక కూడా బావాని ఇక్కడికి తీసుకొచ్చేవారు. 2003 మేలో ఆయన చనిపోయాడు. దహనం ఈ కొండ మీదే చేశారు.

వాన పడే ఇల్లు

మాకు దొరికిన గది తోటకి ఓ పక్కనున్న ‘నంబర్ 5’లో. ఇందాక చెప్పిన, కొలంబో నుంచి తెచ్చిన ఇల్లు ఇదే.

దీని కథ వేరు. బాటిక్ అద్దకంలో శ్రీలంకకి పేరు తెచ్చిన ఎనా డిసిల్వా కోసం బావా 1960-62లో కట్టిన ఇల్లిది. ఆవిడ భర్త పోలీసు శాఖకి అధిపతిగా చేసినవాడు. బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళాక కూడా కొలంబోలో డబ్బున్నవాళ్ళంతా స్థలం నడిమధ్యలో బంగళా, చుట్టూ తోట, అదీ ఫ్యాషన్ అనుకుంటున్న రోజులు. ఎనా మాత్రం పాతకాలపు సింహళ ఇళ్ళలో ఉండే నడిముంగిలి కావాలంది. అటు ఆధునికంగానూ ఉండాలంది. అప్పట్లో దిగుమతుల మీద ఆంక్షలు. అద్దం, ఉక్కు సులువుగా దొరకవు. దాంతో ఇటుక, సున్నం, రాయి, చెక్క, మట్టి పెంకు... చుట్టుపక్కల దొరికేవాటితోనే కట్టాడు. తోటని ఇంటి చుట్టూ కాకుండా ఇంటి మధ్యలో పెట్టాడు. ముంగిలి చుట్టూ వసారా, వసారా చుట్టూ గదులు. ఆ ముంగిలిని సింహళంలో ‘మెద మిదుల’ అంటారు. మెద అంటే మధ్య. మిదుల అంటే ముంగిలి.

ఎనా తర్వాత మాతలె దగ్గర అలువిహారలోని తన సొంతూరికి వెళ్ళిపోయింది. కొలంబోలో భూమి ధరలు పెరిగాయి. స్థలం చేతులు మారే పరిస్థితి వచ్చింది. ఇల్లు పోవాల్సిందే. అప్పుడు 2009లో బావా పేరుతో ఉన్న ట్రస్టు వాళ్ళు ముందుకొచ్చి ఇంటిని విప్పడం మొదలుపెట్టారు. కూల్చడం కాదు, విప్పడం! తలుపులు, కిటికీలు, స్తంభాలు, నేలమీది రాళ్ళు... ఒక్కోదానికీ నంబరు వేసి, జాబితా రాసి, ఫొటోలు తీసి, బెంటోటకి చేర్చారు. 2016కి గానీ పని పూర్తికాలేదు. ఎనా 2015లోనే చనిపోయింది.

మేం వెళ్ళిన సాయంత్రం వాన వచ్చింది. వసారాలో కూర్చున్నాం. వాన ఇంటి మధ్యలో పడుతోంది. నాలుగువైపులా పెంకుల అంచుల నుంచి నీటిధారలు. రాళ్ళ మీద పడ్డ చినుకు తుంపరై పాదాలకి తగులుతోంది. దీపాలు పోలేదుగానీ పోయినా బాగుండేదనిపించింది. మా ఫొటోగ్రాఫర్ చాలాసేపు మాట్లాడలేదు. ఫొటోలూ తీయలేదు. తర్వాత ‘ఇది మా మండువా గురూ’ అన్నాడు.

వాళ్ళ తాతగారి ఇల్లు మండువా లోగిలి. లోపలికి వాలిన నాలుగు కప్పులు, చుట్టూ టేకు స్తంభాల వసారా, మధ్యలో వాన పడే జాగా. వానాకాలంలో పెంకుల చివర గంగాళాలు పెట్టి నీళ్ళు పట్టేవారట. ఎండాకాలంలో అక్కడే అప్పడాలూ వడియాలూ. తాతగారు పోయాక నలుగురు కొడుకులకీ వాటాలు వేశారు. పొలం పంచుకోవడం కష్టం కాలేదు. ఇల్లే తేలలేదు. గదులు లెక్కేసి నాలుగు భాగాలు చేయొచ్చు, ‘మరి వాన పడే చోటు ఎవరి వాటాలోకి వస్తుంది?’ దాని మీద రెండేళ్ళు మాటలు లేవట. చివరికి కూల్చి నాలుగు మేడలు కట్టారు. స్తంభాలూ, ద్వారబంధాలూ ఓ పాతసామాన్ల వ్యాపారి లారీలో వేసుకుపోయాడు. కొలంబోలో ఆ స్తంభం మీద చెయ్యి వేసినప్పుడు అతను అన్న మాటకి అర్థం అప్పుడు తెలిసింది.

కోనసీమలో ఇలాంటి ఇల్లు ఒకటేమిటి! చాలా ఊళ్ళలో ఇదే కథ. ఆ స్తంభాలే తిరిగి తిరిగి హైదరాబాద్ శివారు ఫామ్‌హౌస్‌ల్లో, రిసార్టుల్లో తేలుతున్నాయి. ఒకప్పుడు వాటికి ఆనుకుని ఉయ్యాల ఊగిన మనవడు ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని వాటి పక్కన నిలబడి ఫొటో దిగుతున్నాడు.

అలాగని కూల్చినవాళ్ళని తిట్టడం నాకు ఇష్టం లేదు. మండువాలో పుట్టి పెరిగినవాళ్ళని అడగండి, అందులో ఉండటం ఏమిటో చెబుతారు. ఏటా వానల ముందు పెంకులు సర్దించాలి. కోతులు ఎక్కితే మళ్ళీ సర్దించాలి. ఆ పని తెలిసిన మనిషి దొరకడు. తేళ్ళు, జెర్రులు. స్నానాల గది పెరట్లో ఎక్కడో. రాత్రిపూట ముసలాళ్ళు అక్కడిదాకా నడవాలి. ఇవన్నీ ఆడవాళ్ళ నెత్తిన పడే చాకిరీ. ఊళ్ళో ఉండి భరించినవాళ్ళకి ‘అయ్యో, అంత మంచి ఇల్లు’ అని నగరం నుంచి ఫోన్లో నిట్టూర్చేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండదూ!

బావా గొప్పతనం నాకు అర్థమైంది ఇక్కడే. ఆయన పాత ఇంటిని ఉన్నదున్నట్టు దాచిపెట్టలేదు. దానికి జబ్బేమిటో కనుక్కున్నాడు. మన గూనపెంకులాంటిదే వాళ్ళ పెంకూ. అందంగా ఉంటుంది, కారుతుంది. ఆయన కింద ముడతల సిమెంటు రేకు పరిచి, దాని మీద పెంకులు పేర్పించాడు. నీళ్ళు ఆపే పని రేకుది, ఎండని ఆపే పని పెంకుది. చూడ్డానికి పాత ఇల్లే. చుక్క కారదు. (అప్పట్లో వాడినవి ఆస్బెస్టాస్ రేకులు. ఇప్పుడు ఆ రకం జోలికి పోకూడదు, వేరేవి ఉన్నాయి.) కప్పుని గోడలు దాటి బాగా ముందుకి చాపాడు, జల్లు లోపలికి రాకుండా. నడిముంగిలి వేడి గాలిని పైకి లాగేస్తుంది, గదుల్లోకి చల్లటి గాలి వస్తుంది. స్నానాల గది గది పక్కకే వచ్చేసింది. ఇందులో మన మేస్త్రీలకి చేతకానిది ఒక్కటైనా ఉందా? కూల్చేముందు ఎవరూ వాళ్ళని అడగలేదు. అంతే.

పళ్ళెంలో పనసపొట్టు

భోజనం దగ్గర మనకి కొత్త ఏమీ లేదు, అదే గొప్ప సుఖం. అన్నం, ‘పరిప్పు’ అనే కొబ్బరిపాల పప్పు, నాలుగైదు కూరలు. ‘పొలొస్’ అంటే ఏమిటో అనుకుంటే లేత పనసకాయ కూర. మన పనసపొట్టులా తరగరు, ముక్కలుగా వండుతారు. ‘గొటుకొల’ అంటే సరస్వతాకు. సన్నగా తరిగి కొబ్బరితో కలిపేస్తారు. పొద్దుట ఇడియాప్పం, దాని మీదకి ఎర్రటి కొబ్బరి పచ్చడి ‘పొల్ సంబోల్’. శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ పచ్చడిలో ఎండుచేపల పొడి వేస్తారు. వద్దంటే మానేస్తారు, కానీ ముందే చెప్పాలి. ఆఖర్న గేదె పెరుగు, దాని మీద కితుల్ చెట్టు పాకం. జీలుగు పాకమది. మనం కల్లు దగ్గరే ఆగిపోయాం, వాళ్ళు పాకందాకా వెళ్ళారు.

ఇంతకీ బీచ్ సంగతి? ఉంది. త్రీవీలర్లో కాసేపటి ప్రయాణం. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. నైరుతి రుతుపవనాల నెలల్లో, అంటే మే నుంచి సెప్టెంబరు దాకా, దిగడం మంచిది కాదు. బెంటోటలో చిత్రమేమిటంటే కొన్నిచోట్ల హోటలుకీ ఇసుకకీ మధ్య రైలు పట్టాలుంటాయి. తువ్వాలు భుజాన వేసుకుని, అటూ ఇటూ చూసి, పట్టాలు దాటి ఈతకి వెళ్ళాలి! 1969లో బావా కట్టిన బెంటోట బీచ్ హోటల్ ఇక్కడే ఉంది. ఈమధ్య బాగా మార్పులు చేసి తెరిచారు. లోపలికెళ్ళి తలెత్తి చూస్తే పైకప్పంతా ఎనా డిసిల్వా బాటిక్ రంగులు. దక్షిణంగా కొస్గొడలో తాబేళ్ళ గుడ్లని పొదిగించే కేంద్రాలున్నాయి. పిల్లలుంటే తీసుకెళ్ళొచ్చుగానీ, పిల్ల తాబేళ్ళని చేతుల్లో పెట్టి ఫొటోలు తీయించే చోట్లకి వెళ్ళకపోతేనే మేలు.

నేను మాత్రం రెండు రోజుల్లో ఒక్క సాయంత్రమే బీచ్‌కి వెళ్ళాను. మిగతా సమయమంతా ఆ వసారాలోనే. కిందున్న నీటితోటలో ఓ పెద్ద నీటి ఉడుము బద్ధకంగా అటునుంచి ఇటు వెళ్ళడం చూస్తూ గంట గడిపేశాను. ఖరీదు మాట కూడా చెప్పాలి. ఇది మధ్యతరగతి సెలవు కాదు. మామూలు గెస్ట్‌హౌస్‌లో వారం ఉండే డబ్బు ఇక్కడ ఓ రాత్రికే అయిపోతుంది. కానీ 2019 ఈస్టర్ పేలుళ్ళు, తర్వాత కొవిడ్, 2022లో దేశమే అప్పు తీర్చలేక చేతులెత్తేసిన రోజులు, పెట్రోలు బంకుల ముందు మైళ్ళ వరసలు... ఇన్ని దాటుకుని ఆ తోటలో గడ్డి కోస్తున్నారంటే, గదుల మీద వచ్చే డబ్బూ ఓ కారణమే. అంత పెట్టుకోలేనివాళ్ళకి ఓ దారుంది. పగలు టిక్కెట్టు తీసుకుని, గైడుతో తోటంతా చూసి రావచ్చు. వెళ్ళేముందు వేళలు కనుక్కుని బుక్ చేసుకోవాలి. కొలంబోలోని నంబర్ 11కీ అంతే.

బయల్దేరే రోజు పొద్దున్నే మా ఫొటోగ్రాఫర్ ముంగిట్లో టేపు పట్టుకుని తిరుగుతున్నాడు. ఎక్కడ సంపాదించాడో! వసారా వెడల్పు, కప్పు ముందుకి ఎంత వచ్చింది, రేకుకీ పెంకుకీ మధ్య ఎంత సందుంది... అన్నీ ఓ కాగితం మీద రాసుకుంటున్నాడు. ‘మా చిన్నాన్న వాటాలో కాస్త ఖాళీ స్థలం మిగిలిపోయింది’ అన్నాడు, తల ఎత్తకుండానే. టేపు రెండో కొస పట్టుకోమని నాకు అందించాడు.

చెన్నై నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర లోపే. విమానాశ్రయం ఉన్నది కొలంబోకి ఉత్తరాన కటునాయకలో. అక్కణ్నుంచి నగరంలోకి వచ్చి ఫోర్ట్ స్టేషన్లో రైలెక్కాలి. బెంటోట దాదాపు 65 కిలోమీటర్లు. అన్ని రైళ్ళూ బెంటోటలో ఆగవు, ఆలుత్‌గమలో దిగడమే నయం. వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి టిక్కెట్టు కొనేముందే చూసుకోండి. గొడుగు మర్చిపోవద్దు. ఆ ఇంటి ముంగిలి దాటాలన్నా కావాలి.